పది అంగుళాల దౌడు

నేను ఒక సీసపు రౌతుని. మిట్టమధ్యాహ్నం, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్న గదిలో, మా గౌసు మాస్టారు ఎడమకన్ను మూసుకుని "ఏంటిది, కరెంటు పోయిందా?" అని అడిగినప్పుడు నేను ఆయనకు జానెడు దూరంలో బల్ల మీద ఉన్నాను.

కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వీధిలో ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. ఫిలోమినా మేడమ్ చేతిలోని కొలతటేపు జారి నా గుర్రం కాళ్ళ మీద చుట్టలుగా పడింది.

"మాస్టారూ, ఇప్పుడు ఆ కన్ను తెరిచి కుడికన్ను మూయండి," అందావిడ.

"ఆఁ, వచ్చేసింది," అని ఆయన నవ్వారు.

కాకినాడలో కరెంటు పోవడం, రావడం పెద్ద విశేషం కాదు. అందుకే ఆయనది నిజమైన నవ్వు. ఆవిడ మాత్రం నవ్వలేదు. గోడవైపు తిరిగి పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు ఆయన మళ్ళీ ఎడమకన్ను మూశారు. తెరిచారు. మూశారు. నవ్వు మెల్లగా జారిపోయింది.

ఒక కన్ను ఒక్క రోజులో పోదు. రెండేళ్లు పట్టిందని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ రెండేళ్లలో దాదాపు వంద ఆదివారాలు మా మాస్టారు ఆ కళ్ళతోనే దూరాలు అంచనా కట్టారు. వంద ఆదివారాలూ నన్ను శత్రువు గుండెల మీదికి తోలారు. నేను ప్రతిసారీ చేరుకున్నాను. సగం చూపుతో అంచనా కడితే ఒక్కసారైనా తప్పాలి కదా! తప్పలేదు. అంటే ఎవరో ఆ తప్పును దాచిపెట్టారు.

ఎవరో చెబుతాను. అంతకంటే ముందు నేనెవరో, ఆ బల్ల మీదికి ఎలా వచ్చానో చెప్పాలి.

నా ఎత్తు రెండంగుళాలకు కాస్త తక్కువ. గుర్రంతో కలిపే. నా పుట్టుక జగన్నాథపురంలో, చింతలపాటి సోమరాజు గారి అచ్చాఫీసులో. పుట్టక ముందు నేను అచ్చు అక్షరాల్ని. నా ఛాతీ ఏ పెళ్లి శుభలేఖలో మెరిసిందో, నా గుర్రం తోక ఏ దినం కార్డులో నల్లబడిందో నాకు తెలియదు. ఎన్నికల కరపత్రాల్లో మాత్రం తప్పకుండా ఉండి ఉంటాను. ఒకే వారంలో ఇద్దరు ప్రత్యర్థులకూ జై కొట్టిన లోహం నాది. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అక్షరాలు పేర్చేవాళ్ళు వేరే పనులు చూసుకున్నారు. రాజుగారు ప్రెస్సు తలుపు మూశారు కానీ అక్షరాల్ని తూకానికి అమ్మలేకపోయారు. అరల్లోనే ఉంచుకుని, రోజూ దుమ్ము దులిపేవారు.

ఆయన చివరగా బైండు చేసిన పుస్తకమే మా అందరి తలరాతనూ మార్చింది. ఓడరేవుకు వచ్చిన ఒక నావికుడు చినిగిపోయిన పుస్తకం ఒకటి ఇచ్చి, బైండు చేయమని చెప్పి, మళ్ళీ రాలేదు. అది యుద్ధాల ఆట నియమాల పుస్తకం. బొమ్మ సైనికుల్ని బల్ల మీద నిలిపి, దూరాలు అంగుళాల్లో కొలిచి, పాచికలు వేసి ఆడే ఆట. ఒకపక్క మనుషులు, మరోపక్క రాక్షసులు, ఎగిరే జంతువులు, మంత్రాలు. రాజుగారు పని లేని మనిషి. ఆర్నెల్లు కూర్చుని దాన్ని తెలుగు చేశారు. "రక్కసి కనుమ" అని పేరు పెట్టారు. తెలుగు చేశాక ఆడేవాళ్ళు కావాలి కదా! ఎదురింటి ఫిలోమినా మేడమ్‌ని పిలిచారు. ఆవిడ పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెబుతుంది. సబ్బుముక్క మీద గుర్రాన్నీ రౌతునీ చెక్కి ఇచ్చింది. దాని మీద సున్నపు ముద్దతో అచ్చు తీసి, కిరసనాయిలు స్టవ్వు మీద అక్షరాల్ని కరిగించి రాజుగారు అందులో పోశారు.

ఆరుగురం పుట్టాం. అయిదుగురి ఈటెలు వంకరగా వచ్చాయి. నాది తిన్నగా వచ్చింది. కాబట్టి నన్ను నాయకుణ్ణి చేశారు. మనుషుల్లో నాయకుల్ని ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కారణాలు ఉంటాయనే అనుకుంటున్నాను. నా డాలు మీద మేడమ్ సింహాన్ని వేయబోయింది. కుక్క వచ్చింది. అందరూ సింహమనే ఒప్పుకున్నారు.

మా మొదటి యజమాని రాజుగారే. "మా ముత్తాత గారికి గుర్రం ఉండేదండీ," అని మమ్మల్ని తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ ముత్తాత ఆ గుర్రాన్ని ఎలా తోలారో తెలియదు కానీ, మునిమనవడికి మాత్రం తోలడం రాదు. ఆట మొదలవగానే మమ్మల్ని వదిలేసేవారు. ఎదుటివైపు మేడమ్ నడిపే మరుగుజ్జు విలుకాళ్ళు నలుగురు కనిపిస్తే చాలు, వాళ్ళ వెంట పరుగు. వాళ్ళు తప్పుకునేవాళ్ళు. మేం బల్ల అంచుకు పోయేవాళ్ళం. వెనక్కి తిరిగేలోపు బ్రహ్మరాక్షసులు వచ్చి పక్కనుంచి మీద పడేవాళ్ళు. ఆరు నెలల్లో నేను ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు.

అప్పుడు వచ్చారు గౌసు మాస్టారు.

షేక్ గౌస్ మొహిద్దీన్. మెయిన్ రోడ్డు వెనక సందులో టైలరు. దుకాణం గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని ఒకసారి చూసి "ఛాతీ నలభై, నడుం ముప్పై ఆరు" అనేవారు. తర్వాత టేపు పెట్టేవారు, పద్ధతి కోసం. నలభై అంటే నలభయ్యే. రాజుగారికి లాల్చీ కొలత ఇవ్వడానికి వచ్చి, రాతిబల్ల మీద యుద్ధం చూసి నిలబడిపోయారు. ఒకప్పుడు అచ్చు పేజీలు కట్టిన బల్ల అది. దాని మీద రంపపు పొట్టు జిగురుతో అతికించి గుట్టలు చేశారు.

"ఈ గుర్రాలు ఎంత దూరం పోతాయండీ?" అని అడిగారు.

"పది అంగుళాలు. కానీ ముందు కొలవకూడదు మాస్టారూ. కంటితోనే చూసి, దాడి అని చెప్పెయ్యాలి. చెప్పాక కొలుస్తాం. పదిలోపు ఉంటే గుద్దేసినట్టు. పది దాటితే మధ్యలో ఆగిపోతాయి. చెల్లాచెదురై నిలబడతాయి. ఇక శత్రువుకి పండగే."

మాస్టారు వంగి చూశారు. "అయితే ఆ మరుగుజ్జువాడు పదకొండుంపావులో ఉన్నాడు. వెళ్ళకండి."

రాజుగారు వెళ్ళారు. టేపు పెట్టారు. పదకొండుంపావు.

ఆ వారమే రాజుగారు కొత్త లాల్చీ తీసుకుని మమ్మల్ని ఆయనకు ఇచ్చేశారు. తను రాక్షసుల వైపు వెళ్ళిపోయారు. రాజుగారి చేతిలో రాక్షసులు, దర్జీ చేతిలో రౌతులు. సందులో అందరూ నవ్వుకున్నారు.

"రాజుగారూ, మీరు గుర్రాల్ని కుక్కల్లా వదిలారండీ," అన్నారు మాస్టారు మొదటి రోజే. "కనపడ్డ ప్రతిదాని వెంటా పడ్డాయి."

"మరి గుర్రం ఉన్నది పరిగెత్తడానికి కాదేంటండీ?"

"కాదండి. ఆగడానికి. ఆగి, ఆగి, ఒక్కసారి పరిగెత్తడానికి."

మా బతుకు అప్పటినుంచి మారింది. ఆయన మమ్మల్ని గుట్ట వెనక నిలిపేవారు. బల్లెపు బంట్లను ముందుకు పంపేవారు. విలుకాళ్ళు వచ్చి కవ్వించినా కదిలించేవారు కాదు. "వాళ్ళు ఎర. ఎర తింటే గాలం కూడా తినాలి," అని ఊరుకునేవారు. రౌతు బలమంతా మొదటి గుద్దులో ఉందని ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. దౌడు తీసి తగిలిన వంతులో మాకు పాచికలు రెట్టింపు. అప్పుడు ఎదుటివాడు విరగకపోతే, తర్వాతి వంతునుంచి మేం గుర్రమెక్కిన మామూలు మనుషులం. ఖరీదైన మామూలు మనుషులం. అందుకని ఒంటరిగా పంపేవారు కాదు. బ్రహ్మరాక్షసులు బల్లెపు బంట్లతో పెనుగులాటలో పడ్డాక, పక్కనుంచి, సూదిమొనలాగా ఒకరి వెనక ఇద్దరు, ఇద్దరి వెనక ముగ్గురు. ఆ ఒకరు నేను.

"అరగంట నుంచీ ఆ గుట్ట వెనకాలే దాక్కున్నారు. గడ్డి మేస్తున్నారా ఏంటి మీ వీరులు?" అని రాజుగారు ఎగతాళి చేసేవారు.

"మేస్తున్నారండి. మీవాళ్ళు ఇంకో అడుగు వేస్తే భోజనానికి లేస్తారు."

రాజుగారు రోషపడి అడుగు వేసేవారు. మాస్టారు కళ్ళు చిట్లించి చూసి "దాడి" అనేవారు. ఆ మాట వినగానే నా సీసంలో ఏదో కదిలేది. మనుషులు దాన్ని గుండె అంటారనుకుంటాను.

కొలిచేది ఎవరు? ఇక్కడే ఆ ముగ్గురి మధ్య ఒక కట్టుబాటు ఉంది. గుద్దించుకునేవాడే కొలవాలి. అది మాస్టారు పెట్టిన కట్టుబాటు. "తప్పు చెబితే లాభపడేవాడి చేతికి టేపు ఇవ్వకూడదండీ. నష్టపోయేవాడి చేతికివ్వాలి. వాడు మనకి ఒక్క నూలు కూడా ఎక్కువ ఇవ్వడు," అన్నారు. మేడమ్ భలే అంది. రాజుగారు మరీ భలే అన్నారు. కాబట్టి మా దౌడులన్నీ కొలిచింది రాజుగారే. మాస్టారు బల్లకు ఇవతల నిలబడి, కొలత వినేవారు. చూసేవారు కాదు. చూడటం అంటే అనుమానించడం అని ఆయన లెక్క, మేడమ్‌దీ అదే.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఒక ఆదివారం మేం నడిమధ్యలో ఆగిపోయాం. పన్నెండు అంగుళాల దూరాన్ని ఆయన పది అనుకున్నారు. రాక్షసులు మమ్మల్ని నమిలేశారు. అందరికీ ఒక పాడురోజు ఉంటుంది అనుకున్నాను. ఎందుకంటే తర్వాతి ఆదివారం మళ్ళీ తగిలాం. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఇక తప్పనే లేదు.

అయితే ఒక చిన్న తేడా. దౌడు మొదలయ్యే ముందు, కొలతటేపు నా పక్కన పరుచుకునేటప్పుడు, వెనకనుంచి మెత్తగా ఒక తోపుడు తగిలేది. నేను దాన్ని నా గుర్రం ఉత్సాహం అనుకున్నాను. ఇంత సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటి నా దగ్గర లేదు. నా కళ్ళు మేడమ్ ముందువైపుకే వేసింది. వెనక ఏం జరుగుతుందో నాకు కనపడదు. కనపడకపోయినా తెలుసుకోవచ్చు. తెలుసుకోవాలని నాకే అనిపించలేదు. గెలుస్తున్నవాడు ఎప్పుడు వెనక్కి తిరిగి చూశాడు?

ఈ మధ్యలో దుకాణంలో సంగతులు మారుతూ వచ్చాయి. అవీ నాకు తెలుసు, ఎందుకంటే మాస్టారు నన్ను సుద్దముక్కతో పాటు చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. సూదిలో దారం ఎక్కించడం ఆయన మానేశారు. భార్య ఖైరున్నీసా పొద్దున్నే పది సూదులకు దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేది. గళ్ళ చొక్కా జేబు మీద గళ్ళు కలవలేదని ఒక బ్యాంకు ఉద్యోగి తిరిగి తెచ్చాడు. కుడిపక్క తలుపు చెక్కకు భుజం గుద్దుకోవడం మామూలైపోయింది.

"ఏమండీ, ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోండి," అనేది ఖైరున్నీసా.

"నా కళ్ళకేంటి ఖైరూ? మొన్న ఆదివారం పదంటే పదే వచ్చింది. కావాలంటే రాజుగారిని అడుగు. నాలుగడుగుల బల్ల మీద అరంగుళం తప్పనోడికి కళ్ళు లేవా?"

దుకాణంలో ఆయన చూపుకు పరీక్ష లేదు. వచ్చేది ఎక్కువగా పాతవాళ్ళే, వాళ్ళ కొలతలు ఆయనకు కంఠతా వచ్చు. అక్కడ టేపుంది, సుద్ద ఉంది, ఆవిడ ఎక్కించిన దారం ఉంది. ఉత్త కంటికి పరీక్ష వారానికి ఒక్కసారే, ఆ రాతిబల్ల మీదే. ఆ పరీక్షలో ఆయనకు వందకు వంద మార్కులు వస్తున్నాయి. పేపరు దిద్దేది రాజుగారు.

నేను మొదట చెప్పిన ఆ ఆదివారం రాజుగారు భీమవరం పెళ్ళికి వెళ్ళారు. తాళం చెవి మేడమ్‌కి ఇచ్చి, "మా రాక్షసుల్ని మీరు నడిపించండి, మాస్టార్ని ఖాళీగా పంపకండి," అని చెప్పి వెళ్ళారు. మాస్టారు వచ్చినప్పటినుంచీ మేడమ్ తీర్పులు చెప్పేదే కానీ ఆడేది కాదు. ఆ రోజు ఆడింది. బ్రహ్మరాక్షసులు బల్లెపు బంట్ల మీద పడ్డారు. మాస్టారు కళ్ళు చిట్లించి "దాడి" అన్నారు. కట్టుబాటు ప్రకారం మేడమ్ టేపు పరిచింది.

ఆ రోజు వెనకనుంచి తోపుడు రాలేదు.

"పదమూడు," అంది మేడమ్.

"పదమూడేంటమ్మా? సరిగ్గా చూడు."

"పదమూడే మాస్టారూ. మూడు అంగుళాలు తక్కువైంది."

ఆయన బల్ల మీదకి వంగారు. ముఖం నాకు ఆనేంత దగ్గరికి తెచ్చారు. నా ఈటె కొనను వేలితో తడిమారు, ఆ వేలితోనే రాక్షసుడి కోసం వెతికారు. వేలు గాల్లో ఆడింది. అప్పుడు మేడమ్ ముఖం మారింది. "మాస్టారూ, ఒక్కసారి ఎడమకన్ను మూయండి," అంది. తర్వాత జరిగింది మీకు చెప్పాను.

ఆసుపత్రికి కూడా నేను జేబులో వెళ్ళాను. నీటికాసులు అన్నారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అంచులనుంచి మెల్లగా తినుకుంటూ వస్తుంది. కుడికన్ను ఇక తిరిగి రాదు. ఎడమకన్నులో కూడా మొదలైంది. చుక్కల మందు క్రమం తప్పకుండా వేసుకుంటే దాన్ని నిలబెట్టవచ్చు.

"దూరాలు తప్పడం, పక్కన తలుపులు తగలడం, ఇవి ఎప్పుడో మొదలై ఉండాలే," అన్నారు డాక్టరు. "మీది కొలతల పని. మీకు ముందే తెలియాలి. రెండేళ్ళ కిందట వచ్చుంటే ఈ కన్ను ఉండేది."

"ప్రతి ఆదివారం చూసుకునేవాణ్ణండి," అన్నారు మాస్టారు. "బాగానే ఉండేది."

డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. ఖైరున్నీసాకు అర్థమైంది. ఆవిడ నా మీదుగా జేబు మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.

మేడమ్‌కి నిద్ర పట్టినట్టు లేదు. తర్వాత ఆవిడ మాస్టారికి చెబుతుంటే జేబులోంచి విన్నదే ఇది. మర్నాడే రాజుగారి గదికి వెళ్ళి, పాలిటెక్నిక్ నుంచి తెచ్చిన ఉక్కు స్కేలు పక్కన టేపును పరిచింది. టేపు సాగలేదు, కుంచించుకోలేదు. అంగుళానికి అంగుళం సరిగ్గా ఉంది. బల్ల మీద గుట్టలు ఎవరైనా జరిపారేమో చూసింది. జిగురు ఊడలేదు. అప్పుడు ఆవిడ చూపు అలమారులోని పుస్తకాల మీద పడింది.

ప్రతి యుద్ధం అయ్యాక రాజుగారు దాని పటాన్ని నోటుపుస్తకంలో గీసేవారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఎటు కదిలారు, అంగుళానికి ఒక గడి చొప్పున. ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి అది. ఒక కామా అటూ ఇటూ అయినా ఓర్చుకోలేదు. నోటితో ఏం చెప్పారో కానీ, కాగితం మీద మాత్రం ఆ చేతికి తప్పు గీయడం రాలేదు. మేడమ్ స్కేలు పెట్టి కొలిచింది. పదకొండున్నర. పన్నెండు. పన్నెండుంపావు. పదమూడు. రెండేళ్ళలో గీసిన ప్రతి పటంలోనూ నేను పది అంగుళాలకు అవతలే ఉన్నాను. ప్రతి పటం కిందా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది: "రౌతుల దాడి తగిలింది."

నేను ఆ మాటను నా కీర్తి అనుకుని బతికాను.

ఇప్పుడు నేను మాస్టారి దుకాణంలో బొత్తాల సీసాల పక్కన ఉంటున్నాను. మిగతా అయిదుగురూ నా వెనకే ఉన్నారు, సూదిమొన వరసలో కాదు, ఖాళీ దొరికినచోట. మాస్టారు కత్తిరించే పని మానేశారు. బొత్తాలు కుడతారు, కాజాలు తీస్తారు, అవి వేళ్ళకు తెలుస్తాయి. కొత్తవాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు అలవాటుగా తలెత్తుతారు. ఛాతీ ఎంతో చెప్పరు. మధ్యాహ్నం మూడింటికి ఖైరున్నీసా చుక్కల మందు వేసేటప్పుడు ఆయన తల వెనక్కి వాల్చి, నన్ను పిడికిట్లో పట్టుకుంటారు. నా ఈటె ఆయన అరచేతిలో గుచ్చుకుంటుంది. వదలరు.

నా పశ్చాత్తాపం ఎవరికీ పనికిరానిది. సీసానికి నోరు లేదు కదా అని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. కానీ నోరున్నా చెప్పేవాణ్ణా? చేరుకోవడం అంత బాగుండేది.

ఇక చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఆసుపత్రికి వెళ్ళివచ్చిన తర్వాతి ఆదివారం మాస్టారు, ఎప్పటిలాగే, పదింటికి అచ్చాఫీసు మెట్లెక్కారు. మేడమ్ నోటుపుస్తకాన్ని బల్ల మీద పెట్టి ఉంది. రాజుగారు కుర్చీలో కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. మనిషి సగమైపోయారు.

"మేడమ్ అంతా చెప్పింది," అన్నారు మాస్టారు. "కేకలేయడానికి రాలేదు. ఒక్కటే అడుగుతాను. నన్ను గెలిపిస్తే మీరు ఓడిపోతారు. రెండేళ్ళు వరసగా ఓడిపోయారు. ఎందుకండీ?"

రాజుగారు నోటుపుస్తకం మూశారు. మాట్లాడటం మొదలుపెట్టాక ఎవరూ అడ్డు రాలేదు.

"అబద్ధం చెప్పాలని కూచోలేదండీ మాస్టారూ. వినాయక చవితికి ముందు ఆదివారం మీరు పదన్నారు, టేపు పన్నెండంది. నేనూ పన్నెండనే అన్నాను. గెలిచాను. ఎంత ఎగిరానో మీకు తెలుసు. మీరు గుమ్మంలో చెప్పులు వేసుకుంటా, ‘కన్ను తప్పుతోందండీ రాజుగారూ, ఇంకొక్కవారం చూస్తాను, అప్పుడూ తప్పితే డాక్టరు దగ్గరికెళ్తాను, ఈ గుర్రాలు మీకిచ్చేసి ఆట మానేస్తాను’ అన్నారు. డాక్టరన్న మాట నేను విన్నానండీ. వినలేదని ఇప్పుడు బొంకను. కానీ ఆ వారమంతా నా చెవిలో మోగింది మానేస్తానన్న మాటొక్కటే. ప్రెస్సు మూశాక ఈ మెట్లెక్కింది మీరిద్దరే. మేడమ్‌కి కాలేజీ ఉంది, ఇల్లుంది. నాకు ఆదివారం ఉంది. తర్వాతి వారం పదకొండున్నరుంటే బొటనవేలితో గుర్రాన్ని కాస్త తోసి పదన్నాను. మీ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి, మాస్టారికి ధైర్యమిచ్చాను, మంచిపనే చేశాననుకున్నాను. ఆ తర్వాత తోసినా చాలేది కాదు. ఊరికే పది అని చెప్పేసేవాణ్ణి. మీరు టేపు వంక చూడరు కదా. మీకు చూపు తగ్గుతోందని నాకు మీకంటే ముందే తెలుసండీ. ఎంత తగ్గుతోందో కూడా తెలుసు. ప్రతి వారం పటంలో గీసుకున్నాను. పన్నెండయినప్పుడు చెబుదామనుకున్నాను. పన్నెండున్నరప్పుడు, వచ్చేవారం చెబుదామనుకున్నాను. పదమూడయ్యాక ఇక చెబితే నన్నేమంటారోనని భయమేసింది. మిమ్మల్ని గెలిపించడానికి కాదండీ మాస్టారూ. నేను ఒక్కణ్ణే ఉండలేక, వారానికి రెండు గంటల కోసం, మీ కన్ను తీసుకున్నాను."